కోఠీ ఆడపడుచు

కిట్టమ్మా,

ఇంగ్లండ్‌లో నిన్ను కిట్టీ కర్క్‌పాట్రిక్ అన్నారు. మా ఇళ్ళలో కృష్ణవేణి ముద్దుపేరు కిట్టమ్మ, కృష్ణమూర్తి ముద్దుపేరు కిట్టయ్య. పేరు చివర ఒక అమ్మ తగిలిస్తే తప్ప మాకు పిలిచినట్టుండదు. ఆ అమ్మే నీకు మూడేళ్ళకే దూరమైంది కనక, పేరులోనైనా చేర్చి పిలుస్తున్నాను. పలుకు తల్లీ.

అల్ ఖౌద్ నుంచి పిలుస్తున్నాను. మస్కట్ నగరం సముద్రం వెంట పడమరగా సాగి సాగి, సీబ్ దగ్గర కొండల వైపు మొహం తిప్పిన చోట ఉంటుంది ఈ ఊరు. వాది అల్ ఖౌద్ మా వైపు ఏడాదిలో ఎక్కువ రోజులు ఉత్త గులకరాళ్ళ పరుపు. కొండల్లో వాన పడ్డ రోజున మాత్రం ఎక్కడ దాక్కుందో అనిపించేంత నీరు ఒక్కసారిగా దిగుతుంది. అదంతా సముద్రం పాలు కాకుండా నేలలోకి ఇంకాలని 1985లో ఆనకట్ట కట్టారు. ఆ మరుసటేడు సుల్తాన్ ఖాబూస్ యూనివర్సిటీ తలుపులు తెరిచింది. పాత ఊళ్ళో ఖర్జూరపు తోటలు, కొత్త ఊళ్ళో కరక్ చాయ్ దుకాణాలు, వాటి పైఅంతస్తుల్లో మాలాంటి వాళ్ళం. ఇక్కడ డాబా మీద పెట్టిన వడియాలు ఒక్క పగటికే ఫెళఫెళలాడతాయి. మా అత్తగారు నమ్మరు గానీ, నిజం.

ఈ ఇంట్లో దిగిన కొత్తలో పక్కింటి ఒమానీ పెద్దావిడ పిలిచి ఖహ్వా పోసింది. గుక్కెడు కాఫీ పట్టే చిన్న ఫింజాను, పక్కన ఖర్జూరాలు. మావారి ఉద్యోగం అడగలేదు, జీతం అడగలేదు. బింత్ మన్, ఎవరి కూతురివి అని అడిగింది. నాన్న పేరు చెప్పాను. తాత పేరు చెప్పాను. అక్కడితో ఆగనివ్వలేదు. అమ్మ వైపు వాళ్ళెవరు, మేనమామలు ఎంతమంది, అందరూ ఉన్నారా అని ఒక్కొక్కరినీ తన ముందు కూచోబెట్టించుకుంది. అంతలో మా ఇంట్లోంచి మా పాప గొంతు చించుకుని అమ్మా అని అరిచింది. ఆవిడ వెనక్కి తిరిగి వాకిలి వైపు చూసింది. అరబ్బీలో అమ్మ అంటే మేనత్త. మేనత్త ఎక్కడుందా అని వెతికింది పాపం! ఖాల్ అంటే అమ్మ తోడబుట్టినవాడు, ఖాలా అంటే అమ్మ తోడబుట్టినది, అమ్ అంటే నాన్న తోడబుట్టినవాడు. ఎవరి గూడు వాళ్ళది. మన పెద్దమ్మ, చిన్నమ్మ, మేనత్త, మేనమామ లాగే.

ఇలా వరసల్ని విడమర్చి పిలిచే భాషల నడుమ పుట్టావు కిట్టమ్మా. పెద్దవాళ్ళ నోట పారసీ, దాసీల నోట దక్కనీ, గోడ అవతల అంగట్లో తెలుగు. ఆ తరువాత, అందరినీ ఒక్క కజిన్ అనే మాటతో సరిపెట్టుకునే భాషలోకి నిన్ను ఓడెక్కించారు.

నీకూ మస్కట్‌కీ ఏం చుట్టరికం అంటావేమో, ఉంది. 1798 సెప్టెంబర్ 1న మీ నాన్న ఈస్టిండియా కంపెనీ తరఫున హైదరాబాద్‌లో నిజాం అలీ ఖాన్‌తో ఒడంబడిక కుదిర్చాడు. ఫ్రెంచి అధికారుల చేతికింద ఉన్న హైదరాబాద్ పటాలాన్ని ఆ అక్టోబర్‌లో ఆయుధాలు దింపించారు. అదే అక్టోబర్ 12న ఇక్కడ మస్కట్ పాలకుడు సుల్తాన్ బిన్ అహ్మద్, ఫ్రెంచివాళ్ళకి చోటివ్వనని కంపెనీకి ఖౌల్‌నామా రాసిచ్చాడు. నెపోలియన్ ఈజిప్టులో కాలుపెట్టిన ఏడాది అది. ఒకే భయం రెండు దర్బారుల్లోనూ సంతకాలు పెట్టించింది. అప్పుడు మీ నాన్న దగ్గర అసిస్టెంటుగా ఉన్న జాన్ మాల్కమే 1800 జనవరి 18న ఇదే సుల్తాన్‌తో రెండో ఒప్పందం చేసుకున్నాడు. సూర్యచంద్రులు తిరిగినంత కాలం ఈ స్నేహం నిలవాలని అందులో రాసుకున్నారు. మన శాసనాల్లో ఆచంద్రతారార్కం అని చెక్కేవాళ్ళే, అలాగన్నమాట. ఈ మాల్కం ఇంటిపేరు గుర్తుపెట్టుకో, మళ్ళీ నీ గుమ్మంలోకి వస్తుంది.

రాజ్యాల చుట్టరికం సిరాతో మొదలై అవసరంతో తీరిపోతుంది. నీది అలాంటిది కాదు కనకే ఈ పాట.

1802 ఏప్రిల్ 9న హైదరాబాద్‌లో పుట్టావు. నూరున్నిసా సాహెబ్ బేగం అని పేరు పెట్టారు. అన్న మీర్ గులాం అలీ సాహెబ్ ఆలం, నీకన్నా ఏడాది పెద్ద. నాన్న జేమ్స్ అకిలీస్ కర్క్‌పాట్రిక్, మద్రాసులో పుట్టినవాడు, కంపెనీ రెసిడెంటు, దర్బారులో హష్మత్ జంగ్. అమ్మ ఖైరున్నిసా, నిజాం దర్బారులోని మీర్ ఆలం బంధువర్గంలోని పిల్ల. వంపులు తిరిగిన కట్టతో ఇప్పటికీ ఉన్న మీర్ ఆలం చెరువు ఆయన పేరిటిదే. పెళ్ళి కోసం మీ నాన్న మతం మార్చుకున్నాడు. కలకత్తాలో గవర్నర్ జనరల్ వెల్లస్లీకి కోపం వచ్చి విచారణ వేయించాడు. దొరల విచారణకి కంపెనీ మర్యాదే ముఖ్యం. పిల్లకి ఇష్టమేనా అన్న సంగతి చెప్పాల్సి వచ్చినప్పుడు, చెప్పింది మీ అమ్మమ్మ షరఫున్నిసా. బిడ్డ మనసెరిగి ఆ సంబంధానికి తల ఊపిన మనిషి ఆవిడ. ఈ పాటలో ఆవిడ మళ్ళీ వస్తుంది. అసలు ఈ పాట ఆవిడదే.

మీ నాన్న మూసీ గట్టున రెసిడెన్సీ మేడ ఎత్తించాడు. నక్షా గీసినవాడు మద్రాసు ఇంజనీర్ల దళంలోని లెఫ్టినెంట్ శామ్యూల్ రస్సెల్. ఆ మేడలోనే నేను బీఎస్సీ చదివాను, తల్లీ. బస్సు కండక్టర్లు కోఠీ కోఠీ అని అరిస్తే దిగి, పాత పుస్తకాల బండ్ల మధ్యనుంచి నడిచి, సింహాల బొమ్మలున్న ఆ మెట్ల మీద కూచుని మిరపకాయ బజ్జీలు తిన్నవాళ్ళం మేము. పైన ఎత్తైన స్తంభాలు, లోపల దర్బారు హాలు, కప్పుకి బొమ్మలు, పెచ్చులూడిన గోడలు, మూలల్లో పావురాలు. ఆ మెట్లకి పెద్ద చరిత్ర ఉందని తెలుసు, ఆ చరిత్రలో ఒక ఆడపిల్ల ఉందని మాత్రం ఎవరూ చెప్పలేదు. కాలేజీ 1949లో ఆ మేడలోకి వచ్చింది. ఇప్పుడది చాకలి ఐలమ్మ పేరున మహిళా విశ్వవిద్యాలయం. కంపెనీ దొర కట్టిన మేడకి ఐలమ్మ పేరు, నాకైతే భలే నచ్చింది.

మేడ వెనకాల తోటలో ఇంకోటి ఉంది. అచ్చం ఆ మేడలాంటి బొమ్మమేడ. అవే స్తంభాలు, అవే మెట్లు, పిల్లల బొమ్మరిల్లంత. పరదా దాటి ముందువైపుకి రాని మీ అమ్మ కోసం, ఇదిగో మనిల్లు ఇలా ఉంటుంది అని చూపించడానికి మీ నాన్న కట్టించాడని చెప్పుకుంటారు. మేం చదివేటప్పుడు దాని చుట్టూ పిచ్చిమొక్కలు. ఒక మధ్యాహ్నం ల్యాబ్ ఎగ్గొట్టి దాని దగ్గర చతికిలబడ్డాను. చిన్న స్తంభం మీద వేలు పెడితే సున్నం పొడి వేలికి అంటింది. మోకాళ్ళ మీద వంగి లోపలికి చూశాను. గదులున్నాయనుకున్నాను. చీమలున్నాయి. తన ఇంటి ముఖం తను చూడాలంటే బొమ్మ చేయించుకోవాల్సిన ఇల్లాలు మీ అమ్మ. ఆ బొమ్మ పక్కన నువ్వు తప్పటడుగులు వేసి ఉంటావు. ఎత్తు సరిగ్గా నీకు సరిపోయి ఉంటుంది.

1805. కంపెనీ దొరలు తమ పిల్లల్ని దొరల్లా నిలబెట్టాలంటే చిన్నప్పుడే సీమకి పంపించేవాళ్ళు. ఇక్కడే ఉంటే సగం సగం మనుషులని రెండువైపులా తోసేస్తారని భయం. మీ నాన్నదీ అదే లెక్క. ప్రేమ ఉన్నవాడే. ప్రేమ ఉన్నవాళ్ళ లెక్కలే ఇలా తప్పుతాయి. మద్రాసులో ఓడెక్కే ముందు చిత్రకారుడు జార్జ్ చిన్నరీ మీ ఇద్దరి బొమ్మ గీశాడు. మెట్ల పైన నిలబడ్డ ఇద్దరు పిల్లలు, ఒంటినిండా హైదరాబాద్ దర్బారు బట్టలు. అన్న సూటిగా చూస్తున్నాడు. నువ్వు అన్నని అంటిపెట్టుకుని కళ్ళు దించుకున్నావు. చిత్రకారుడు కిందికి చూడమన్నాడో, ఏడ్చి ఏడ్చి చూపు నిలవలేదో. ఆ బొమ్మ ఇప్పుడు హాంకాంగ్‌లో ఒక బ్యాంకు గోడకుంది.

సెప్టెంబర్‌లో లార్డ్ హాక్స్‌బరీ అనే ఓడ తెరచాప ఎత్తింది. అక్టోబర్ 15న కలకత్తాలో మీ నాన్న పోయాడు. ఓడ ఇంకా సముద్రం మీదే ఉంది. 1806 మార్చి 25న లండన్‌లో, మేరిల్‌బోన్ చర్చిలో, మీకు బాప్తిస్మం ఇచ్చారు. సాహెబ్ ఆలం విలియం జార్జ్ అయ్యాడు. సాహెబ్ బేగం కేథరిన్ అరోరా అయింది. రెండు వారాలు తక్కువ నాలుగేళ్ళ పిల్లవి. కొత్త పేరుతో పిలిస్తే ఎన్ని రోజులకి వెనక్కి తిరిగావో.

ఇక్కడ మీ అమ్మకి ఇరవై నిండలేదు. మొగుడు పోయాడు, బిడ్డలు సముద్రం అవతల. మొగుడి సమాధి చూడ్డానికి కలకత్తా వెళ్ళింది. అక్కడ మీ నాన్న కింద పనిచేసిన హెన్రీ రస్సెల్ ఆదరించాడు, దగ్గరయ్యాడు. ఆ మాట బయటపడ్డాక హైదరాబాద్ తలుపులు మూసుకున్నాయి. మచిలీపట్నంలో ఉండిపోవాల్సి వచ్చింది ఆవిడ. వస్తానన్న రస్సెల్ మద్రాసులో వేరే పిల్లని చేసుకున్నాడు. మచిలీపట్నం అంటే మాకు కలంకారీ, బందరు లడ్డూ. ఆ ఊళ్ళో నీ తల్లి సముద్రం వైపు చూస్తూ ఏళ్ళు గడిపిందని నాకు పాతికేళ్ళు దాటాక గానీ తెలియలేదు. చివరికి హైదరాబాద్ చేరి, 1813 సెప్టెంబర్‌లో కన్నుమూసింది. నీకు పదకొండేళ్ళు. అక్కడివాళ్ళు నిన్ను ఉత్తరం రాయనివ్వలేదు.

సరే, ఇంగ్లండ్‌కి పద. నీ వంశం చెప్పుకుందాం, వాళ్ళ పద్ధతిలో కాకుండా మన పద్ధతిలో.

తాత పేరూ జేమ్స్ కర్క్‌పాట్రిక్కే, అందగాడు కల్నల్ అని లోకం పిలిచినవాడు. కెంట్‌లోని ఆయన ఇంట్లోనే పెరిగావు. ఆయనకి పెళ్ళికి బయట పుట్టిన కొడుకు విలియం, నీకు పెదనాన్న. మీ నాన్నకి ముందు హైదరాబాద్‌లో రెసిడెంటు ఆయనే. విలియం కూతుళ్ళు క్లెమెంటీనా, ఇసబెల్లా, జూలియా. ఇంగ్లీషు పుస్తకం వీళ్ళని నీ కజిన్లు అని ఒక్క మాటలో కట్టి పక్కన పడేస్తుంది. ఏం కజిన్లు! పెదనాన్న కూతుళ్ళు, అక్కలు. తాత పోయాక ఒక ఇంటినుంచి ఇంకో ఇంటికి నిన్ను అక్కున చేర్చుకున్నది వాళ్ళే. క్లెమెంటీనా మొగుడు నౌకాదళపు సర్ జాన్ లూయిస్, ఇసబెల్లా మొగుడు చార్లెస్ బుల్లర్, జూలియాని చేసుకున్నవాడు ఎడ్వర్డ్ స్ట్రేచీ. ముగ్గురూ నీకు బావలు. ఇసబెల్లా కొడుకు, తండ్రి పేరే పెట్టుకుని పార్లమెంటులో పేరు తెచ్చుకున్న చార్లెస్ బుల్లర్, నీకు కొడుకు వరస. జూలియా మనవడు లిట్టన్ స్ట్రేచీ, విక్టోరియా కాలపు పెద్దమనుషుల గంభీరాన్ని చీల్చి చెండాడిన రచయిత, నీకు మనవడు వరస. అతన్ని నువ్వు చంకనేసుకుని ఉంటే బావుండేది. కోఠీ వెటకారం కొంచెం అంటేది.

బర్క్ పేరుతో ఇంగ్లండ్ భూస్వాముల వంశావళులు అచ్చేస్తారు, లావుపాటి పుస్తకాలు. ఫలానా వాడు, ఫలానా వాడి కూతుర్ని చేసుకున్నాడు, ఇంతమంది సంతానం. కూతుళ్ళు ఒక పంక్తిలో పుట్టి అదే పంక్తిలో పెళ్ళి చేసుకుని వెళ్ళిపోతారు. నవ్వబోయి ఆగాను. మన పెళ్ళి పీటల మీద చదివే ప్రవర మాత్రం? ఫలానా వారి మునిమనవరాలు, ఫలానా వారి మనవరాలు, ఫలానా వారి కూతురు. ముగ్గురు మగవాళ్ళ పేర్లు గట్టిగా చదివి పిల్లని అప్పజెబుతారు. నా పెళ్ళిలో మా అమ్మ పక్కనే నిలబడి ఉంది. ఆవిడ పేరు మంత్రంలో ఎక్కడా వినపడలేదు. అక్షింతల పళ్ళెం మాత్రం ఆవిడ చేతిలోనే ఉంది.

అందం నీది. ఆస్తి మీ నాన్న రాసిపెట్టినది. బుల్లర్ల ఇంట్లో అక్క కొడుకులకి చదువు చెప్పడానికి స్కాట్లండ్ నుంచి ఒక పంతులొచ్చాడు. తాపీ పనివాడి కొడుకు, కడుపునొప్పి మనిషి, పేరు థామస్ కార్లైల్. 1824 జూన్‌లో లండన్‌లో నిన్ను చూశాడు. ఆ శరదృతువులో మీరు కొందరు కలిసి పారిస్ కూడా వెళ్ళొచ్చారు. అంతే. పంతులు పంతులే, జమీందారీ ఇంటి పిల్ల జమీందారీ ఇంటి పిల్లే. అతను 1826లో జేన్ వెల్ష్‌ని చేసుకున్నాడు. తరువాత రాసిన సార్టర్ రిసార్టస్‌లో బ్లూమినే అనే పిల్ల ఉంది, కథానాయకుడికి దక్కని పిల్ల. ఆ పిల్లవి నువ్వేనని స్ట్రేచీ ఇంటివాళ్ళు చెప్పుకున్నారు. సాహిత్య చరిత్రలు నిన్ను గుర్తుపెట్టుకున్నది ఆ ఒక్క ముక్కకే. నాకది ఎక్కువ గొప్పగా అనిపించదు. ఎవరో ప్రేమించబోయి ఊరుకున్నందుకు ఒక ఆడదాన్ని గుర్తుపెట్టుకోవడమేమిటి?

అన్న విలియం జార్జ్ కథ క్లుప్తం. పదకొండేళ్ళప్పుడు మరుగుతున్న నీళ్ళ గంగాళంలో పడి చెయ్యి పోగొట్టుకున్నాడు. పెళ్ళాం పిల్లల్ని వదిలి 1828లో వెళ్ళిపోయాడు. ఆ బొమ్మలో నువ్వు అంటిపెట్టుకున్న మనిషి లేడిక. హైదరాబాద్ ఇంటిని నీతో కలిసి చూసినవాళ్ళెవరూ ఇంగ్లండ్‌లో లేరు.

ఏడాదికి, 1829 నవంబర్ 21న, నీ పెళ్ళి. ఏడో హుస్సార్ల గుర్రపు దళంలో కెప్టెన్ జేమ్స్ విన్స్‌లో ఫిలిప్స్. తాత జేమ్స్, నాన్న జేమ్స్, మొగుడూ జేమ్సే, పిలవడం సులువు. మంచి కాపురం. ఏడు కాన్పులు, దక్కినవాళ్ళు నలుగురు. టార్కీలో సముద్రం ఒడ్డున ఇల్లు. మూడో పేరు, మిసెస్ ఫిలిప్స్. ఇంగ్లీషు పెద్దింటి ఇల్లాలి జీవితం ఇక్కడితో సుఖాంతం కావాలి, వంశావళి పుస్తకం కూడా ఇక్కడే ఫుల్‌స్టాప్ పెడుతుంది.

ఒకరోజు స్వాలోఫీల్డ్ అనే ఊళ్ళో ఒక పెద్దింటికి చూడ్డానికి వెళ్ళావు. గోడ మీద బొమ్మ. మెట్ల మీద ఇద్దరు పిల్లలు. ఒకడు నీ అన్న, ఇంకొకతె నువ్వు. చూసి భోరుమన్నావు. అది హెన్రీ రస్సెల్ ఇల్లు. మీరు ఓడెక్కాక ఆ బొమ్మ మీ అమ్మ దగ్గరికి చేరింది. బిడ్డల బదులు బొమ్మతో బతికింది ఆవిడ. మేడకి బదులు బొమ్మమేడ, బిడ్డలకి బదులు బిడ్డల బొమ్మ. ఆవిడ తరువాత అది రస్సెల్ చేతికొచ్చి, ఓడెక్కి, నీకోసం గోడ మీద కాచుకుని ఉంది.

1840ల మొదట్లో తెలిసింది నీకు, హైదరాబాద్‌లో అమ్మమ్మ ఇంకా బతికే ఉందని. ముప్పై అయిదేళ్ళకి పైగా అయింది. రాశావు. ఆ ఉత్తరాలు అటూ ఇటూ చేర్చినవాడు రెసిడెన్సీలో అసిస్టెంటు డంకన్ మాల్కం. ఆ మాల్కంల ఇంటివాడే. మస్కట్‌లో సంతకాలు చేసిన ఇంటిపేరుకి చిట్టచివరికి ఒక మంచి పని దొరికింది. నీ ఇంగ్లీషుని అమ్మమ్మకి పారసీ చేసి వినిపించాలి, అమ్మమ్మ పారసీని నీకు ఇంగ్లీషు చేసి రాయాలి.

ఏం రాశావు? నువ్వు రాసినవి పుస్తకాల్లోకెక్కాయి, నేను చదివాను. దర్జీలు కూచుని కుట్టే చోటు గుర్తుందన్నావు. వరండా గుర్తుందన్నావు. మేడ పైన జారుడుబల్లలా జారుతుంటే అమ్మ ఏమీ అనేది కాదన్నావు. విడిపోయిన రోజు అమ్మ ఎక్కడ కూచుందో ఇప్పటికీ కళ్ళకి కడుతోందన్నావు, పొడుగాటి జుట్టు పీక్కుంటూ ఏడ్చిందన్నావు. ఆ జుట్టులో ఒక్క పాయ దొరికితే ఏమైనా ఇస్తానన్నావు. నలభై ఏళ్ళ ఇల్లాలివి, పిల్లల తల్లివి, మూడేళ్ళ పిల్లలా అడిగావు. అమ్మ కలలోకి వస్తుందన్నావు. దొరికిందన్న సంతోషంతోనే మెలకువ వచ్చేస్తుందట. మెలకువ రాకపోతే ఇంకో కష్టం. నువ్వు మాట్లాడే ఇంగ్లీషు ఆవిడకి అర్థం కాదు. కలలోనే బాధ మొదలవుతుంది.

ఆ వాక్యం దగ్గర పుస్తకం మూసేశాను కిట్టమ్మా. మా ఇంట్లో అది ప్రతి రాత్రీ జరుగుతుంది.

రాత్రి ఎనిమిదికి వీడియో కాల్. తెర మీద మా అమ్మ మొహం సగమే కనిపిస్తుంది, నుదురూ, విభూతీ, వెనక తిరిగే ఫ్యానూ. ఫోన్ ఎలా పట్టుకోవాలో ఎన్నిసార్లు చెప్పినా అంతే. మా పాపకి ఏడేళ్ళు. బడిలో ఇంగ్లీషు, వీధిలో అరబ్బీ. స్కూల్లో పిల్లి దూరి మిస్సు బల్ల ఎక్కిన కథ మొదలుపెడుతుంది, మొదటి ముక్క తెలుగులో, మిగతాదంతా ఇంగ్లీషులో, ఊపిరి తీసుకోకుండా. మా అమ్మ అంతా విని, పాప నవ్వినప్పుడు నవ్వి, చివర నన్ను అడుగుతుంది, ఏమంటుందే అది? నేను డంకన్ మాల్కంని అవుతాను. పిల్లిని తెలుగులోకి తెస్తాను. అప్పుడు రెండోసారి, అసలు నవ్వు నవ్వుతుంది. పాప అప్పటికే లేచి వెళ్ళిపోయి ఉంటుంది.

నీకు తోడొచ్చే మనిషి ఒకతె ఈ గడ్డని ఏలినవాళ్ళ ఇంట్లోనూ ఉంది. మాల్కంతో ఒప్పందం చేసుకున్నాడే సుల్తాన్ బిన్ అహ్మద్, ఆయన మనవరాలు సాల్మె. సయ్యిద్ సయీద్ కూతురు, 1844లో జంజిబార్‌లో పుట్టింది. హాంబర్గ్ వర్తకుణ్ణి ప్రేమించి, 1867లో ఏడెన్‌లో బాప్తిస్మం పుచ్చుకుని అదే రోజు పెళ్ళి చేసుకుంది. ఎమిలీ రూట అయింది. మూడేళ్ళకే మొగుడు ట్రాము కింద పడి పోయాడు. 1875లో అన్న బర్గాష్ లండన్ వచ్చాడని పరుగెత్తుకెళ్ళింది, రాజకీయం తెలిసిన పెద్దమనుషులు కలవనివ్వలేదు. ఆ వేసవిలో నువ్వు టార్కీలో ఉన్నావు, డెబ్బై మూడేళ్ళ ముసలమ్మవి. రైలెక్కితే ఒక్క పూట ప్రయాణం. ఒకరికొకరు తెలిసి ఉంటే ఎంత బావుండేది! ఇద్దరూ పేరు మార్చుకున్నవాళ్ళు, ఇద్దరూ తల్లిభాష జారవిడిచే దారిన నడిచినవాళ్ళు. టీ పోసి నువ్వు అడగాల్సిన మాట నాకు తెలుసు. ఎవరి కూతురివి?

మీ అమ్మమ్మ ఉత్తరాలు ఆరేళ్ళు వచ్చాయి. చూపులు కలవలేదు, ముట్టుకున్నది లేదు. నువ్వు నూరున్నిసావో, కేథరిన్‌వో, మిసెస్ ఫిలిప్స్‌వో ఆవిడకి పట్టింపు లేదు. బిడ్డ కన్న బిడ్డవి, అంతే. వంశావళి ఎక్కడ ఫుల్‌స్టాప్ పెట్టిందో అక్కడ కామా పెట్టిన ముసలమ్మ ఆవిడ. షరఫున్నిసా, నీకు దండం. అక్షింతల పళ్ళెం పట్టుకున్న చెయ్యి నీది. పరదా వెనక కూచుని రెండు సముద్రాలు దాటించావు ఒక వరసని.

1847లో ఆవిడ పోయింది. ఉత్తరాలు ఆగాయి. నువ్వు ఇంకా నలభై రెండేళ్ళున్నావు. 1889 మార్చి 2న, టార్కీలో, ఎనభై ఏడు నిండబోతుండగా కన్నుమూశావు. కోఠీ ఆడపడుచువి. పుట్టింటి నుంచి పసుపూ కుంకుమా, రవికెగుడ్డా ఎవరూ తేలేదు. అందుకని ఈ నాలుగు మాటలు.

ఎనిమిది దాటింది. అక్కడ తొమ్మిదిన్నర. అమ్మ పడుకోకముందే ఫోన్ చెయ్యాలి, లేకపోతే రేపు మొదటి మాటే సాధింపు.